భ్రమరాంబగారి వంటగట్టు

మా నల్లమిట్టలో రాయికి ఎప్పుడూ కరువు లేదు. ఊరికి పడమట కొండ, కొండకు ఆవల క్వారీలు, ఈవల రాయి కోసే మిల్లులు. ఇంత రాయి మధ్య పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి, వంటింట్లో ఏ రాయి వేసుకోవాలో చెప్పమని మేం ఏనాడూ ప్రభుత్వాన్ని అడగలేదు. అది మా పొరపాటేనని పట్టణాభివృద్ధి సంస్థ వారు కిందటేడాది వేసవిలో గుర్తించారు.

సంస్థ అధ్యక్షులవారు ఎక్కడో చల్లటి ఊళ్లో జరిగిన సహజ జీవన సదస్సుకు వెళ్లి, రాగిచెంబుతో నీళ్లు తాగుతూ తిరిగొచ్చారు. వచ్చీ రాగానే ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది గృహస్థులకు తెలియజేయడమేమనగా, ఇకమీదట నిర్మించు గృహములందలి వంటగట్లు, గూళ్ల పైభాగములు, తదితర సమస్త ఉపరితలములు సహజ శిలతోనే ఏర్పాటు కావలెను. సహజత్వ పత్రము పొందని గృహములకు కుళాయిగాని, గ్యాసు కనెక్షనుగాని మంజూరు కాజాలదు."

మేమందరం సంతోషించాం. రాయిలా కనబడే అట్టలూ, పాలరాయిలా నటించే పలకలూ ఊళ్లోకి దిగుతున్న రోజులవి. అవి పోతాయి, మన రాయి మనకు మిగులుతుంది అనుకున్నాం. మిల్లుల వాళ్లయితే అధ్యక్షులవారికి కూడలిలో ఫ్లెక్సీ కట్టారు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది భ్రమరాంబగారు. ఆవిడ బస్టాండు వెనక అద్దె ఇంట్లో కర్రీ పాయింటు నడిపేది. బ్యాంకు ఉద్యోగులు, హాస్టలు పిల్లలు, వండిపెట్టే దిక్కులేని నాలాంటి ఒంటరివాళ్లు, అందరం ఆవిడ గోంగూర పప్పు మీద బతుకుతున్నవాళ్లమే. భర్త కోటిలింగం ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఉల్లిపాయలు తరగడం, వెల్లుల్లి వొలవడం, ఆవిడ ఏదంటే దానికి "అట్టాగే" అనడం ఆయన పనులు. ఆ అద్దె ఇంటి యజమాని తన అల్లుడి చేత అందులో దంతవైద్యశాల పెట్టించాలనుకుని, శ్రావణానికల్లా ఖాళీ చేయమన్నాడు. అదృష్టవశాత్తూ సంస్థ వేసిన కొత్త కాలనీలో, మా ఇంటి ఎదురుగానే, వీళ్ల సొంత ఇల్లు గోడలు లేచి, కప్పు పడి, వంటింటి గట్టు దగ్గర ఆగి ఉంది.

రాయి ఎంచుకోవడానికి ఆవిడ వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. చెంచయ్య మిల్లు అది. చెంచయ్య ముందుగా తెల్లటి పాలరాయి చూపించాడు. భ్రమరాంబగారు సంచిలోంచి సీసా తీసి, ఇంటి దగ్గర పిసికి తెచ్చిన చింతపండు పులుసులో పసుపు కలిపి పలక మీద ఒంపింది.

"అయ్యో అమ్మా! అది పూజగదికి వేసుకునే రాయి!" అన్నాడు చెంచయ్య.

"నేను పులుసు కాసేదానికి వేసుకునే రాయి చూపియ్యి నాయనా. అది ఎట్టా తాగేసిందో చూడు," అంది ఆవిడ. పలక మీద పచ్చటి మచ్చ నిలిచిపోయింది.

తర్వాత కడప రాయి మీద నూనె పోసింది. అదీ పీల్చుకుంది. చివరికి వెండి చుక్కలున్న నల్లటి గ్రానైటు పలక దగ్గర ఆగింది. పులుసు పోసి, నిమ్మచెక్క రుద్ది, మిల్లు వాచ్‌మన్ పొయ్యి మీద కాగుతున్న అన్నం గిన్నెను వాడి అనుమతి లేకుండానే తెచ్చి దాని మీద పెట్టింది. ఆ తర్వాత గుడ్డతో తుడిచింది. ఏమీ జరగనట్టే ఉంది పలక.

"ఇది మన ఇంటి మనిషి," అంది. కోటిలింగం "అట్టాగే" అన్నాడు.

పలక బిగించారు. సహజత్వ పత్రం కోసం సంస్థలో ఉపరితలాల విభాగం ఉపసంచాలకులు పరాంకుశంగారు తనిఖీకి వచ్చారు. ఆయన నిష్ఠాపరుడు. మాట్లాడేటప్పుడు కూడా కాగితం మీద రాస్తున్నట్టే మాట్లాడతారు. గట్టు దగ్గరికి వెళ్లి, వంగి, తొంగి చూసి, ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

"ఇందులో నా ముఖము గోచరించుచున్నది," అన్నారు.

"నున్నగా పాలిష్ పట్టారయ్యా. అందరికీ కనపడతది," అంది భ్రమరాంబగారు మురిసిపోతూ.

"అమ్మా, కొండ మీది రాయిలో ఎవరి ముఖమైనా కనబడుతుందా?"

"కనపడదయ్యా."

"కావున ముఖము చూపుట రాతి సహజ గుణము కాదు. ఇది అసహజ శిల. తిరస్కరించడమైనది."

ఆ పలకను చెంచయ్య మిల్లుకే తిప్పి పంపి, పాలిష్ లేనిది తెప్పించారు. ఈసారి పరాంకుశంగారు తలతిప్పుకునే వచ్చి, ముఖం కనబడటం లేదని రూఢి చేసుకుని, సంతోషించారు. తర్వాత అంచు మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపించారు. ఆయన ముఖంలో సంతోషం పోయింది.

"ఇది తిన్నగా ఉన్నది."

"గోడకు ఆనాల గదయ్యా. వంకరగా ఉంటే సందులో బొద్దింకలు చేరతయ్యి."

"ప్రకృతిలో సరళరేఖ లేదు. కోత యంత్రము తాకిన క్షణమే శిల తన సహజత్వమును కోల్పోవును. సంస్థకు కావలసినది శిల. శిలయొక్క ముక్క కాదు."

అంటే ఏమిటని మేం అడిగితే, పక్షం తిరక్కుండా సంస్థ వారే స్పష్టత ఇచ్చారు. కొత్త ఇళ్లలోనే కాదు, పాత ఇళ్లలో కూడా వంటగట్టు స్థానంలో కోయని, చెక్కని, పగలగొట్టని నిండు బండ ఉండాలట.

బండ గుమ్మంలో పట్టదు కాబట్టి గోడ పగలగొట్టాం. మా కాలనీలో ప్రతి ఇంటిముందూ క్రేను ఆగింది. భ్రమరాంబగారింట్లోకి బండ వచ్చింది, వంటిల్లు బయటికి పోయింది. బండ ఆవిడ కంటే ఎత్తు. అద్దె ఇంటి పొయ్యిని తెచ్చి దాని నెత్తిన పెట్టి, నిచ్చెన ఎక్కి తాలింపు వేసేది. ఏ గిన్నె పెట్టినా మెల్లగా జారి అవతలి పక్కకు వెళ్లిపోయేది. దాన్ని పట్టుకోవడానికి కోటిలింగం అవతలి పక్క దోసిలి పట్టి నిలబడేవాడు. ఒకసారి వేడి చారు వచ్చింది. ఆ మనిషి ఆరోజు మాత్రం "అట్టాగే" అనలేదు.

మనుషులు చిత్రమైనవాళ్లు. కొన్నాళ్లకు బండలు ఒక గొప్ప అయికూర్చున్నాయి. పేరంటాలకు వచ్చినవాళ్లు బండ చుట్టూ తిరిగి చూసి, "మీది బాగా పెరిగిందొదినా" అనడం మొదలుపెట్టారు. మా పక్కింటి బండలో తొండల కాపురం ఒకటి బయటపడితే, స్థానిక జీవజాలంతో కూడిన వంటగట్టుగా దానికి సంస్థ ప్రశంస దక్కింది. వాళ్లు ఆ తొండలకు రోజూ పెరుగన్నం పెట్టేవారు. నేను కూడా నా బండ మీద కాస్త నాచు పెరుగుతుందేమోనని రోజూ నీళ్లు చల్లాను. ఎందుకు దాచాలి!

శ్రావణం దగ్గరికొచ్చింది. అద్దె ఇంటి యజమాని పళ్లు పీకే కుర్చీని తెచ్చి భ్రమరాంబగారి వసారాలో దించేశాడు. కూరలకు వచ్చినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఈ స్థితిలో పరాంకుశంగారు పత్రం ఇవ్వడానికి వచ్చారు. బండను చుట్టి చూశారు. అంచులు వంకర, పైభాగం ఎగుడుదిగుడు, ముఖం కనబడదు. సంతకం పెట్టబోయి, ఏదో తట్టినట్టు ఆగారు.

"ఈ శిల ఎక్కడిది?"

"మన కొండదేనయ్యా. క్రేనుతో తెచ్చాం," అన్నాడు కోటిలింగం.

"అనగా, కదిల్చితిరి."

"కదల్చకుండా ఎట్టా తెస్తామయ్యా?"

పరాంకుశంగారు కలం మూశారు. "పుట్టినచోటి నుండి పెకలించి తెచ్చిన దానిని సహజమని ధ్రువీకరించుటకు నా మనస్సాక్షి అంగీకరించదు."

భ్రమరాంబగారు నిచ్చెన మీద నుంచి గరిటెతో సహా దిగింది. "మీరే గదయ్యా తెమ్మంది?"

"తెమ్మన్నాము. తెచ్చిన పిమ్మట తేకూడదన్న అవగాహన కలిగినది. దీనినే విధాన పరిణామము అందురు."

ఆ పరిణామం ఫలితంగా మా వంటిళ్లన్నీ కొండ ఎక్కాయి. రాయి ఇంటికి రాకూడదు కాబట్టి ఇల్లే రాయి దగ్గరికి పోవాలి. సంస్థ వారు కొండ మీద ఇంటికొక బండ కేటాయించి, సున్నంతో ఇంటి నంబర్లు వేశారు. ఉదయం, సాయంత్రం వంటింటి బస్సు నడిపారు. గంటెలు, గిన్నెలు, సిలిండర్లతో ఆ బస్సు కొండకు పోతుంటే ఊరంతా ఏదో పెళ్లికి తరలివెళ్తున్నట్టే ఉండేది. కాఫీ తాగాలంటే బస్సు ఎక్కాలి. పంచదార మరిచిపోతే మళ్లీ బస్సులో కొండ దిగి రావాలి. గాలికి మంట ఆరిపోయేది. కోతులు మూతలు తీసి రుచి చూసి, ఉప్పు తక్కువైన ఇళ్లవైపు మళ్లీ వెళ్లేవి కావు. కోతులు రాకపోవడం అవమానమని కొందరు ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

భ్రమరాంబగారి కూరలు కొండ దిగేసరికి చల్లారి, పేరుకున్న నూనెతో, గాలికి రాలిపడిన వేపాకులతో ఉండేవి. బ్యాంకువాళ్లు మానేశారు. హాస్టలు పిల్లలు రెండ్రోజులు ఓర్చుకుని నూడుల్సుకు మారారు. ఒకనాడు మిగిలిపోయిన గోంగూర గిన్నెను ముందు పెట్టుకుని ఆవిడ మా అరుగు మీద కూర్చుంది.

"నా చేతివంట బాలేదని ఇన్నేళ్లలో ఎవురూ అనలేదన్నయ్యా," అంది. "ఇయ్యాల ఆ బ్యాంకు పిల్లోడు నోట్లో పెట్టుకొని, నన్ను చూసి, మింగలేక మింగాడు. అనలేదు. అంటే బాగుండేది."

నేను గిన్నె అందుకుని తిన్నాను. బాగాలేదు. బాగుందన్నాను. ఆవిడకు తెలిసిపోయింది.

మరుసటి వారం పరాంకుశంగారు కొండ మీద వంటిళ్లు చూడటానికి వచ్చారు. ఆయన బండ నుంచి బండకు నడుస్తూ, "ఆహా, సహజత్వము! ఆహా!" అంటుండగా వాన పట్టుకుంది. భ్రమరాంబగారికి కేటాయించిన బండ కొండ చరియ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రకం. దాని కిందకు అందరం దూరాం. పైన ఆవిడ పప్పు ఉడుకుతోంది. కోటిలింగం పప్పుకు గొడుగు పట్టి పైనే ఉండిపోయాడు.

భ్రమరాంబగారు తల తుడుచుకుంటూ పైకి చూసింది. "అయ్యా, ఇప్పుడు మనం దేని కింద ఉన్నాం?"

"తమ వంటగట్టు కింద," అన్నారు పరాంకుశంగారు.

"ఇది గట్టంటారా? మన నెత్తిన వాన పడకుండా కాస్తంది గదా."

పరాంకుశంగారు నిష్ఠాపరుడని చెప్పాను కదా. ఆయన పైకి చూసి నిజాయితీగా ఆలోచించారు. "పైనుండి చూచినచో ఉపరితలము. కిందినుండి చూచినచో కప్పు. ఎవరైనా కింద ఉన్నంతసేపు దానిని కప్పుగానే పరిగణించవలెను."

"కప్పులు గూడా మీరే చూస్తారా?"

"లేదమ్మా. కప్పులకు వేరే విభాగమున్నది. వారి పనిలో మేము జోక్యము చేసుకొనము. మా పనిలో వారిని చేసుకొననీయము."

వాన వెలిసింది. ఆవిడ బస్సు కోసం ఆగకుండా కొండ దిగి తిన్నగా చెంచయ్య మిల్లుకు వెళ్లింది. మొదటి రోజు పులుసు పోసిన నల్ల పలకను చెంచయ్య అమ్మేయకుండా గోడకు ఆనించి ఉంచాడు. ఇంట్లో బండను ముక్కలు కొట్టించి, గోడ పూడ్పించి, పలకను మళ్లీ బిగించారు. కింద గిన్నెలు పెట్టే గూట్లో అరలు పీకించి, చాప పరిచారు. తర్వాత కప్పుల విభాగానికి అర్జీ పెట్టుకుంది, మా ఇంట్లో కొత్తగా ఒక కప్పు వేసుకున్నాం, పరిశీలించి అనుమతి ఇప్పించగలరని.

కప్పుల అధికారిణి విక్టోరియా రాణిగారు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. కోటిలింగాన్ని అప్పటికే గూట్లో కూర్చోబెట్టారు. ఆయన ఆర్టీసీలో ఉన్న రోజుల్లో బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి కాబట్టి సర్దుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి ఆన్చి, పేపరు చదువుకుంటున్నాడు.

"కప్పు ఏది?" అంది విక్టోరియా రాణిగారు.

భ్రమరాంబగారు గట్టు చూపించింది. విక్టోరియా రాణిగారు ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. ఆ సంస్థలో ఆశ్చర్యపడేవాళ్లకు పదోన్నతి రాదు. పలక మందం కొలిచి, వేలితో కొట్టి చూసింది.

"దీని కింద నివాసము ఉందా? నివాసము లేనిదే కప్పుగా గుర్తించలేము."

"నేనున్నానండీ," అంది గూడు.

ఆవిడ వంగి తలుపు తీసింది. "కుటుంబ యజమాని మీరేనా?"

"ఈ కింద వరకు నేనేనండీ," అన్నాడు కోటిలింగం.

"వర్షాకాలములో కారుతున్నదా?"

"మొన్న సాంబారు పొంగింది గానీ, ఒక్క చుక్క దిగలేదండీ."

ఆవిడ తృప్తిపడింది. నిలబడి, గట్టు మీదున్న గ్యాసు పొయ్యి వైపు చూసింది.

"కప్పు మీద పొయ్యి ఎందుకున్నది?"

"మేడమ్, పెళ్లిళ్లప్పుడు డాబా మీద వంటలు చేస్తారు గదా," అంది భ్రమరాంబగారు.

విక్టోరియా రాణిగారు నిబంధనలు గుర్తు తెచ్చుకుంది. "నిజమే. డాబా మీద వంటకు మా విభాగానికి అభ్యంతరము లేదు. అయితే కప్పు మీద పడిన నీరు వృథాగా పోరాదు. ఇంకుడు గుంత తప్పనిసరి. ఎక్కడున్నది?"

ఇది మేమెవరమూ అనుకోలేదు. గూట్లో పేపరు చప్పుడు ఆగిపోయింది. భ్రమరాంబగారు ఒక్క క్షణం చుట్టూ చూసింది. తర్వాత చెంబెడు నీళ్లు తీసుకుని, గట్టు మూలనున్న సింకులో పోసింది. నీళ్లు గిర్రున తిరిగి మాయమయ్యాయి.

"చూడండి మేడమ్. ఎట్టా ఇంకిపోయినయ్యో."

విక్టోరియా రాణిగారు తొంగి చూసింది. "చాలా వేగముగా ఇంకుతున్నది," అంది మెచ్చుకోలుగా. "ఈ ప్రాంతములో నేలకు ఇంత శక్తి ఉన్నట్లు మాకు తెలియదు."

అనుమతి వచ్చింది. వంటగట్టే లేని ఇల్లు కాబట్టి సహజత్వ పత్రం అడిగే హక్కు ఉపరితలాల విభాగానికి లేకపోయింది. కుళాయి వచ్చింది, గ్యాసు వచ్చింది. శ్రావణం తొలి శుక్రవారం భ్రమరాంబగారు కొత్త ఇంట్లో కర్రీ పాయింటు తెరిచింది. బ్యాంకు పిల్లోడు మొట్టమొదట వచ్చాడు. గోంగూర పప్పు అక్కడే నిలబడి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మరో ప్యాకెట్టు కట్టమన్నాడు. ఆవిడ కొంగుతో గట్టు తుడిచింది. తుడవాల్సినంత ఏమీ లేదు దాని మీద.

ఊరు ఊరంతా అదే దారి పట్టింది. పొడుగాటి మొగుళ్లున్న ఇళ్లలో కాస్త ఇబ్బంది అయింది. వాళ్లు తనిఖీ రోజుకు పొట్టి బావమరుదులను పిలిపించుకున్నారు. వంటింటి బస్సు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది. ఊళ్లో ఒక్క అసహజ ఉపరితలం కూడా మిగలలేదని పరాంకుశంగారు పై అధికారులకు నివేదించి, సన్మానం పొందారు. ఆయన సొంత ఇంటి వంటగట్టు సంగతి నాకు తెలియదు గానీ, రోజూ మధ్యాహ్నం భ్రమరాంబగారి దగ్గర కూరలు కట్టించుకెళ్లేవారు.

సంస్థ మాత్రం ఊరుకోలేదు. కప్పు ఉంది, కింద నివాసం ఉంది, పక్కనే ఇంకుడు గుంత ఉంది. అలాంటిదాన్ని ఇల్లు అనక ఏమంటారు? ప్రతి గూటికీ నంబరు రేకు కొట్టారు. సంవత్సరం తిరిగేసరికి నల్లమిట్టలో ఇళ్ల సంఖ్య రెట్టింపయింది. ఒక్క గజం స్థలం తీసుకోకుండా ఇంతమందికి గూడు కల్పించిన సంస్థగా మా వాళ్లను రాష్ట్ర స్థాయి పురస్కారానికి ఎంపిక చేశారు.

పురస్కారం ఇచ్చే ముందు లబ్ధిదారులతో ముఖాముఖి మాట్లాడటానికి రాజధాని నుంచి పెద్ద అధికారి దిగారు. ఆదర్శ గృహంగా భ్రమరాంబగారి గూటినే చూపించారు. అధ్యక్షులవారు రాగిచెంబుతో సహా వచ్చారు. వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. గట్టు మీద ఆవిడ రోట్లో పచ్చడి నూరుతోంది. వచ్చిన జనానికి కూడా భోజనం పెట్టాలి కదా!

పెద్ద అధికారి సూటూబూటుతో నేల మీద మోకరిల్లి గూటి తలుపు తట్టారు. కోటిలింగం తీశాడు.

"నమస్కారం. కొత్త ఇంట్లో సౌకర్యంగా ఉందా?"

"ఉందండీ. చల్లగా ఉంటది. రాయి గదా."

"గాలీ వెలుతురూ?"

"తలుపు తీస్తే వస్తయ్యండీ."

అధికారి రాసుకున్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, పైకి కళ్లతో సైగ చేస్తూ అడిగారు. "పై వాటా వాళ్లతో ఏమైనా ఇబ్బందా? నిర్భయంగా చెప్పండి."

పైన నూరుడు ఆగింది. భ్రమరాంబగారు కాపురానికి వచ్చిన నాటి నుంచి కోటిలింగాన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"పొద్దున పూట దంచుడు చప్పుడు కాస్త ఎక్కువండీ," అన్నాడు. "అది తప్పితే మంచి మనిషి. వేళకు అన్నం పెడతది."

అంతలో పైనుంచి గాజుల చెయ్యి ఒకటి కిందకు దిగింది. చేతిలో వేడి అన్నం, పచ్చడి కలిపిన ముద్ద ఉంది. కోటిలింగం దాన్ని నోటితో అందుకుని, అధికారి వైపు ఒకసారి చూసి, తలుపు వేసుకున్నాడు.